నచ్చింది సరే, ఎందుకు నచ్చింది?



బదిలీ మీద కొత్తగా వచ్చిన పిల్లల్ని తరగతిలో మొదటి వారం అడిగే ప్రశ్నలు దాదాపు ఏ ఊళ్లోనైనా ఒకటే. ఏ ఊరి నుంచి వచ్చావు? క్రికెట్‌లో ఎవరంటే ఇష్టం? ఏం పాటలు వింటావు? మొదటి రెండింటితో పేచీ లేదు. మూడో ప్రశ్నకు "రాక్" అని జవాబు వస్తే మాత్రం సగం మంది "అబ్బో!" అంటారు. మిగతా సగం మంది "అదేం సంగీతం, అన్నీ అరుపులే కదా" అంటారు. మెచ్చుకున్నవాళ్లూ వినలేదు, వెక్కిరించినవాళ్లూ వినలేదు.

నేను తెలుగు చెప్పే టీచర్‌నే అయినా కాలేజీ రోజుల నుంచి రాక్ వింటున్నాను. ఉద్యోగంలో చేరాక నాలుగు రాష్ట్రాల్లో పనిచేశాను. ప్రతి బదిలీకీ సామాను తగ్గించుకుంటూ వచ్చాను గానీ వినే పాటలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. రాక్ అంటే ఏమిటి, ఆల్బమ్‌ను ఎలా వినాలి, నచ్చినదాని గురించీ నచ్చనిదాని గురించీ ఎలా మాట్లాడాలి అన్నది ఈ వ్యాసంలో చెబుతాను. నా ఇష్టాయిష్టాలను ఉదాహరణలుగా తీసుకుంటాను. వాటితో మీరు ఏకీభవించనక్కరలేదు.

రాక్ ఎక్కడిది?

1950ల్లో అమెరికాలో రాక్ పుట్టింది. నల్లజాతి ప్రజల బ్లూస్, రిథమ్ అండ్ బ్లూస్, చర్చి పాటలు, పల్లెల్లో పాడుకునే కంట్రీ పాటలు కలిసి ఈ సంగీతం తయారైంది. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, ఎల్విస్ ప్రెస్లీ వంటివారు దీన్ని ఊరూరా తీసుకెళ్లారు. 1960ల్లో ఇంగ్లండ్ నుంచి బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ వంటి బృందాలు వచ్చాక ప్రపంచమంతా పాకింది.

రాక్ బృందంలో సాధారణంగా నలుగురైదుగురు ఉంటారు. ఎలక్ట్రిక్ గిటార్ పాటకు రంగు వేస్తుంది. లావు తీగల బేస్ గిటార్ కింది స్వరాలు పలుకుతుంది. ఇంటికి పునాదిలాగా అది పైకి కనిపించదు, కానీ తీసేస్తే అంతా కూలిపోతుంది. డ్రమ్స్ నడకను నిలబెడతాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ రెండు, నాలుగు దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. ఎక్కువ రాక్ పాటల నడక మీ చేతుల్లోకి వచ్చేస్తుంది.

ఆల్బమ్ శతకమా, ప్రబంధమా?

ఇప్పుడు ఫోన్‌లో ఒక్కో పాటను విడిగా వింటున్నాం. ఒకప్పుడు పాటలు రికార్డు పళ్లెం మీద గుత్తిగా వచ్చేవి. 1948లో అమెరికాలో నిమిషానికి సుమారు 33 చుట్లు తిరిగే పెద్ద పళ్లెం వచ్చింది. దానికి రెండు వైపులు, ఒక్కో వైపు సుమారు 20 నిమిషాల సంగీతం. మొదట్లో అందులో ఏవో పది పాటలు చేర్చేవారు. 1960ల నడిమికి వచ్చేసరికి ఏ పాట తర్వాత ఏ పాట రావాలి, ఎక్కడ నిశ్శబ్దం ఉండాలి, అట్ట మీద ఏ బొమ్మ ఉండాలి అని ఆలోచించడం మొదలైంది. 1967లో వచ్చిన బీటిల్స్ ఆల్బమ్ 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'ను దీనికి పెద్ద ఉదాహరణగా చెబుతారు.

తెలుగు పాఠంలో మీరు చదివినదాన్నే ఇక్కడ గుర్తు చేసుకోండి. శతకంలో ఏ పద్యానికి ఆ పద్యమే. వేమన పద్యాల్లో ఏది ముందు చదివినా అర్థం చెడదు. ప్రబంధంలో అలా కుదరదు. కథ ఉంటుంది, వరుస ఉంటుంది. ఆల్బమ్‌లూ అంతే. కొన్ని శతకాలు, కొన్ని ప్రబంధాలు. ప్రబంధం లాంటి ఆల్బమ్ నుంచి ఒక్క పాట తీసి విని "బాగాలేదు" అంటే, మను చరిత్రలో మధ్య పద్యం ఒకటి చదివి కథ అర్థం కాలేదన్నట్టు ఉంటుంది.

నాకు నచ్చినవి

మొదటిది పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ బృందం 1973లో విడుదల చేసిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. ఇది పక్కా ప్రబంధం. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది. మధ్యలో కాలం, డబ్బు, చావు, మతి చెదరడం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. 'టైమ్' అనే పాట మొదట్లో ఎన్నో గడియారాలు ఒక్కసారిగా మోగుతాయి. పాత గడియారాల దుకాణానికి వెళ్లి, ఒక్కో గడియారాన్నీ విడిగా రికార్డు చేసి కలిపిన చప్పుడు అది.

ఇదే ఆల్బమ్‌లో 'మనీ' అనే పాట ఉంది. నాణేల గలగల, డబ్బుపెట్టె చప్పుడు, కాగితం చిరిగిన చప్పుడు తాళంలా వరుసగా వస్తాయి. లెక్కపెట్టండి. నాలుగు కాదు, ఏడు! మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు తాళానికీ ఏడే. 'తకిట తకధిమి' అని వేసేది. శ్యామశాస్త్రి దానిలో ఎన్నో కృతులు చేశారు. విభజన అచ్చంగా అదే కాకపోయినా లెక్క అదే. ఈ పాటలో గిటార్ విజృంభించే చోట లెక్క నాలుగుకు మారి, తర్వాత మళ్లీ ఏడుకు వస్తుంది. అక్కడ పాట ఒక్కసారిగా పరుగెత్తినట్టు ఎందుకనిపిస్తుందో తెలియాలంటే వేళ్ల మీద లెక్కపెడితే చాలు. నాకు ఈ ఆల్బమ్ ఎందుకు ఇష్టమంటే, ఎన్నిసార్లు విన్నా ఇలాంటిది ఏదో ఒకటి కొత్తగా దొరుకుతుంది. అమెరికాలో అమ్మకాల పట్టికలో ఇది 700 వారాలకు పైగా నిలిచిందంటే నా ఒక్కరి ఇష్టం కాదన్నమాట.

రెండోది అదే బృందం 1975లో చేసిన 'విష్ యూ వర్ హియర్'. 'నువ్విక్కడ ఉంటే బాగుండేది' అని ఆ పేరుకు అర్థం. బృందాన్ని మొదలుపెట్టినవారిలో ఒకడైన సిడ్ బ్యారెట్ మానసిక ఆరోగ్యం దెబ్బతిని 1968లో దూరమయ్యాడు. ఆ లోటే ఈ ఆల్బమ్‌కు వస్తువు. సుమారు 26 నిమిషాల పెద్ద పాటను రెండు ముక్కలు చేసి, ఒకటి మొదట్లో, ఇంకొకటి చివర్లో పెట్టారు. ఆ పని జరుగుతుండగా ఒకరోజు బ్యారెట్ చెప్పాపెట్టకుండా స్టూడియోకు వచ్చాడు. గుండు, కనుబొమలు కూడా లేవు, ఒళ్లు వచ్చేసింది. పాత మిత్రులు అతన్ని వెంటనే గుర్తుపట్టలేకపోయారు. రెండు మూడేళ్లకోసారి స్నేహితుల్ని వదిలి వచ్చే మనకు ఈ ఆల్బమ్ అర్థం కావడానికి ఇంగ్లీషు పెద్దగా రానక్కరలేదు.

మూడోది క్వీన్ బృందం 1975లో చేసిన 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా'. దీని గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ అసలు పేరు ఫరూఖ్ బల్సారా. 1946లో జాంజిబార్ దీవిలో పార్సీ కుటుంబంలో పుట్టాడు. తండ్రి అక్కడ బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయంలో కాషియర్. పిల్లవాణ్ణి చదువుకు మహారాష్ట్రలోని పంచగనిలో హాస్టల్ బడికి పంపారు. మొదటి బృందం అతను కట్టింది ఆ బడిలోనే. 1964లో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. మూడు దేశాల్లో పెరిగిన ఆ ప్రభుత్వోద్యోగి కొడుకు రాసిన 'బొహీమియన్ రాప్సొడీ' దాదాపు 6 నిమిషాల పాట. మెల్లని పాటగా మొదలై, నాటకంలా మారి, చివర గట్టి రాక్ అవుతుంది. మధ్యలో పెద్ద బృందగానంలా వినిపించేది నిజానికి ముగ్గురి గొంతులే. మళ్లీ మళ్లీ పాడించి ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆ బృందంలో గిటార్ వాయించే బ్రయాన్ మే తన గిటార్‌ను చిన్నప్పుడు తండ్రితో కలిసి పాత కర్రతో చేసుకున్నాడు. 2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేశాడు. సంగీతం వింటే చదువు పాడవుతుందని ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. మార్కుల కార్డు కూడా పక్కన పెట్టి చెప్పండి, లేకపోతే పని జరగదు.

నాలుగోది మన దేశానిదే. ఢిల్లీ బృందం ఇండియన్ ఓషన్ 2000లో విడుదల చేసిన 'కందీసా'. అందులో గిటార్‌తో పాటు తబలా ఉంటుంది. పేరుకు మూలమైన పాట కేరళలోని సిరియన్ క్రైస్తవులు పాడే ప్రాచీన ప్రార్థన, అరమాయిక్ భాషలో ఉంటుంది. బృందంలో ఎవరి ఇంట్లోనూ మాట్లాడే భాష కాదది. అయినా వాళ్లు పాడుతుంటే మనకు అడ్డేమీ ఉండదు. ఇదే ఆల్బమ్‌లో 'మా రేవా' అనే పాట నర్మదా నది మీద జానపదం.

ఈ బృందం ఇంకో ఆల్బమ్ పేరు '16/330 ఖజూర్ రోడ్'. అది ఢిల్లీ కరోల్ బాగ్‌లో వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసిన పాత ఇంటి చిరునామా. 2010లో మొదలుపెట్టి నెలకో పాట చొప్పున ఉచితంగా అందరికీ ఇచ్చారు. అప్పటికే, 2009లో, గాయకుడూ తబలా వాద్యకారుడూ అయిన అశీమ్ చక్రవర్తి చనిపోయారు. ఆయన గొంతు ఆ పాటల్లో మిగిలింది. ఫారాల్లో 'శాశ్వత చిరునామా' అనే గడి దగ్గర ఆగిపోయే పిల్లలకు, ఒక ఇంటి నంబరును ఆల్బమ్ పేరుగా పెట్టుకోవడం ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కరలేదు.

నాకు నచ్చనివి

నచ్చనివాటి గురించి మాట్లాడటం కష్టం, అందుకే అవసరం కూడా. యెస్ అనే ఇంగ్లండ్ బృందం 1973లో 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' అనే జంట ఆల్బమ్ చేసింది. పరమహంస యోగానంద ఆత్మకథలో శాస్త్ర గ్రంథాల గురించిన ఒక అధోసూచిక చదివి గాయకుడు జాన్ ఆండర్సన్‌కు ఈ ఆలోచన వచ్చింది. ఆలోచన గొప్పదే. కానీ ఒక్కోటి 20 నిమిషాల చొప్పున నాలుగే నాలుగు పాటలు! చెప్పాల్సింది గుప్పెడు, చెప్పింది గంపెడు అనిపిస్తుంది నాకు. బృందంలో కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కే అది రుచించలేదు. ఒక కచేరీలో వేదిక మీదే కూర్చుని కూర తెప్పించుకు తిన్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది బృందం వదిలేశాడు.

మెటాలికా బృందం 1986లో చేసిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' నాకు ఇష్టం. అదే బృందం 2003లో చేసిన 'సెయింట్ ఆంగర్' అసలు నచ్చదు. కారణం చెప్పగలను. స్నేర్ డ్రమ్ అడుగున ఉండే తీగలను వదులు చేసి వాయించడంతో ఆల్బమ్ పొడవునా ఖాళీ నూనె డబ్బా కొట్టినట్టు మోగుతుంది. గిటార్ ఒంటరిగా వాయించే చోట్లు తీసేశారు. పాటలు నిడివి మాత్రం తగ్గలేదు. చూశారా, "చెత్త" అనే ఒక్క మాట కంటే ఈ మూడు వాక్యాలు మెరుగు. ఎందుకంటే ఇష్టపడేవాళ్లు వీటికి జవాబివ్వగలరు. "ఆ మొరటుతనం కోపాన్ని సరిగ్గా చూపించింది" అని ఒకరు అనొచ్చు. "చెత్త" అంటే మాత్రం తిరుగు జవాబుగా తిట్టే వస్తుంది.

ఇక కిస్. ముఖాలకు రంగులు వేసుకుని, వేదిక మీద మంటలు ఊదిన అమెరికా బృందం. కళ్లు మూసుకుని వింటే అందులో పెద్దగా ఏమీ మిగలదని నా అభిప్రాయం. ఒకసారి ఈ మాట తరగతిలో అంటే పదో తరగతి అబ్బాయి లేచి, "టీచర్, భామాకలాపం కళ్లు మూసుకుని చూస్తామా?" అన్నాడు. వేషమూ కళలో భాగమేనని అతని వాదన. కిస్ నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఆ ప్రశ్న మాత్రం బాగా నచ్చింది. అభిప్రాయ భేదం ఉంటే అలా ఉండాలి.

అందరూ ఒకేసారి కాదన్నది తర్వాత నిలిచిపోవడం కూడా ఉంది. బాబ్ డిలాన్ 1965లో న్యూపోర్ట్ ఉత్సవంలో మామూలు గిటార్ వదిలి ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే అభిమానుల్లో చాలామంది గోల చేశారు. అదే డిలాన్‌కు 2016లో సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్‌ను 1969లో రోలింగ్ స్టోన్ పత్రిక తీసిపారేసింది. ఇప్పుడు రాక్ చరిత్రలో దానికి పెద్ద పీట. కాబట్టి "నాకు నచ్చలేదు" అన్నది వేరు, "ఇది బాగాలేదు" అన్నది వేరు. మొదటిది చెప్పడానికి ఒక్కసారి వింటే చాలు. రెండోది చెప్పాలంటే చాలాసార్లు వినాలి.

ఎలా వినాలి?

1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జార్జ్ హారిసన్, పండిట్ రవిశంకర్ కలిసి పెద్ద కచేరీ పెట్టారు. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ ముందుగా తీగలు శ్రుతి చేసుకుంటుంటే, అదే పాట అనుకుని జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేయడమే ఇంత నచ్చితే వాయించడం ఇంకా బాగా నచ్చుతుందనుకుంటానని రవిశంకర్ నవ్వుతూ అన్నారు. ఆ జనం చెడ్డవాళ్లు కాదు. ఏది వినాలో ఇంకా తెలియదు, అంతే. మనకు తెలియని సంగీతం ముందు మనమూ అంతే. అందుకే ఈ పద్ధతి:

1. ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా వరుసగా వినండి. మధ్యలో పాటలు దాటేయకండి.

2. రెండోసారి ఒక్క వాద్యం వెంటే వెళ్లండి. బేస్ గిటార్‌తో మొదలుపెడితే మంచిది, ఎవరూ పట్టించుకోనిది అదే.

3. తాళం లెక్కపెట్టండి. మారిన చోట గుర్తు పెట్టుకోండి.

4. మాటల అర్థం తెలుసుకోండి. అది ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారో చదవండి.

5. చివరగా "నాకు నచ్చింది, ఎందుకంటే" అని ఒక వాక్యం, "నాకు నచ్చలేదు, ఎందుకంటే" అని ఒక వాక్యం రాయండి. 'ఎందుకంటే' తర్వాత వచ్చేది చెవికి వినిపించేదై ఉండాలి. "అందరూ అంటున్నారు కాబట్టి" కుదరదు.

మనకు ఇది ఎందుకు?

కొత్త బడిలో చేరాక, అందరూ వినేదే తామూ వింటామని చెప్పి సొంత ఇష్టాన్ని దాచుకునే పిల్లల్ని నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ చూశాను. ఒకమ్మాయి ఆరు నెలల పాటు తాను ఏం వింటుందో పక్క బెంచీ వాళ్లకు కూడా చెప్పలేదు. నవ్వుతారని భయం. దీనికి తిరగేసి, "మీరు వినేది సంగీతమేనా" అని కొత్త ఊరివాళ్లను చిన్నచూపు చూసేవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లు తమను తాము పోగొట్టుకుంటారు, రెండోవాళ్లు స్నేహితుల్ని పోగొట్టుకుంటారు. రెండు మూడేళ్లకోసారి అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టే మనకు ఈ రెండు నష్టాలూ పెద్దవే.

'ఎందుకంటే' అన్న మాట ఈ రెండింటికీ మందు. కారణం తెలిస్తే మీ ఇష్టాన్ని దాచుకోనక్కరలేదు, గొడవ పడకుండా చెప్పుకోవచ్చు. ఎదుటివాళ్ల కారణం అడిగితే వాళ్ల ఊరు మీకు తెలుస్తుంది. ఎందుకంటే రాక్ ఇప్పుడు ప్రతి ఊరికీ ఒక తీరు. షిల్లాంగ్‌లో లూ మజా అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలాన్ పుట్టినరోజు జరుపుతూ వస్తున్నారు. కోల్‌కతాలో 1975లో పుట్టిన మొహీనేర్ ఘొరాగులి బృందం తన పేరును జీవనానంద దాస్ కవిత్వం నుంచి తీసుకుంది. పాకిస్తాన్ బృందం జునూన్ బుల్లే షా, ఇక్బాల్ కవిత్వాన్ని ఎలక్ట్రిక్ గిటార్ మీద పాడింది. మలయాళంలో అవియల్ బృందం 2008లో అదే పేరుతో ఆల్బమ్ తెచ్చింది. మీ నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు క్వార్టర్ ఎలా ఉంటుందో, బడి ఎంత దూరమో అడుగుతారు కదా. ఆ ఊరి పాట ఏమిటో కూడా అడగండి.

వచ్చే సంచిక కోసం మీకొక పని. మీకు నచ్చిన ఆల్బమ్ ఒకటి, నచ్చనిది ఒకటి తీసుకుని పదేసి వాక్యాలు తెలుగులో రాసి నాకివ్వండి. ఏ భాష పాటలైనా సరే, రాక్ కాకపోయినా సరే. తప్పులు నేను దిద్దుతాను. 'ఎందుకంటే' మాత్రం మీరే రాయాలి.